ఇంకా రాని తుపాకీ

"వచ్చిందట్రా?" తలుపు తీస్తూనే అడిగాడు వర్జిల్.

"లేదురా," అన్నాడు కొట్టు యజమాని డెల్మర్, తల ఎత్తకుండా.

వర్జిల్ బూట్లకంటిన మంచు గడప దగ్గర దులుపుకుని, పొయ్యి పక్క కుర్చీలో కూలబడ్డాడు. అది అతని కుర్చీ అయిపోయింది. ప్రతి మంగళవారం వస్తాడు. అదే మాట అడుగుతాడు.

"డకోటా ఏమన్నా చంద్రమండలమా? మా బావమరిది ఎమెట్ పంపి ఎన్నాళ్లయింది!"

"వాడు నీ ఇంటికి పంపకూడదు కదరా. రాష్ట్రం దాటొచ్చే తుపాకీ లైసెన్సున్న కొట్టుకే రావాలి. ఫెడరల్ రూలు. వచ్చాక నీ పేరు మీద విచారణ. ప్రభుత్వం వాళ్లు సరేనంటేనే నీ చేతికిస్తాను."

"అది నా తుపాకీయేరా. ఎమెట్‌కి నేనే ఇచ్చాను."

"ఇచ్చావు, వాడిదైంది. ఇప్పుడు వాడు నీకిస్తున్నాడు. రూలుకి చుట్టరికం తెలీదు."

"పోనీ, నేనే కారేసుకుని వెళ్లి తెచ్చుకుంటే?"

"అదీ కుదరదు. పట్టుకుంటే జైలు. ఈ వయసులో జైలు కూడు తింటావా?"

"నా వంటకన్నా నయమేమో."

డెల్మర్ నవ్వలేదు. వర్జిల్ భార్య ఎల్సీ ఎండాకాలంలో పోయింది. మంచు పడటం మొదలవగానే వర్జిల్ బావమరిదికి ఫోన్ చేసి, పాత రైఫిల్ వెనక్కి పంపమన్నాడు. దూడల మీదికి నక్కలొస్తున్నాయట. ఆ దూడలన్నిటినీ ఆకులు రాలేటప్పుడే అమ్మేశాడు. లారీ ఎక్కించింది డెల్మరే.

నిజానికి తుపాకీ పెట్టె వచ్చి చాలా రోజులైంది. ఎమెట్ దేన్నయినా ఎర్ర తాడుతోనే కడతాడు. దీన్నీ అలాగే కట్టాడు. డెల్మర్ దాన్ని వెనక గదిలో దాణా బస్తాల చాటున పెట్టాడు. ఇస్తే, ఆ ఖాళీ ఇంట్లో వర్జిల్, ఆ తుపాకీ, ఇద్దరే ఉంటారు. ఇవ్వనని మొహం మీద చెబితే మళ్లీ ఈ గడప తొక్కడు. అందుకని రూళ్లు చెబుతున్నాడు. ఉన్నవి చెప్పాడు. అవి అయిపోయాక లేనివి కల్పించాడు. చెప్పి చెప్పి ప్రాణం విసిగిపోయింది.

డెల్మర్ భార్య ఒనీడా ఆపిళ్లు పెట్టి కాల్చిన 'పై' ముక్క ఒకటి తెచ్చి వర్జిల్ చేతిలో పెట్టింది.

"మొత్తం తినాలి అన్నయ్యా. పోయిన వారం మేమిద్దరం బయట బస్తాలు ఎక్కిస్తుంటే సగం కుక్కకి పెట్టావు. కిటికీలోంచి చూశాను."

"అది అడిగిందమ్మా. మొహమాటపడ్డాను."

ఈసారి అంతా తిన్నాడు. గడ్డం కూడా గీసుకున్నాడని డెల్మర్ అప్పుడు గమనించాడు.

వెనక గదిలో టప్‌టప్‌మని చప్పుడు. కప్పు మీది మంచు కరిగి కారుతోంది.

"బకెట్టు నిండినట్టుంది. పారబోసి రానా?" వర్జిల్ లేవబోయాడు.

"నువ్వు కూర్చో!" డెల్మర్ గొంతు అక్కర్లేనంత పైకి లేచింది. తనే వెళ్లాడు. బస్తాల చాటున పెట్టె లేదు. బస్తాలు పక్కకి లాగాడు. చూస్తే, అవతల గోడకి, తడి తగలని చోట ఆనించి ఉంది. ఒనీడా జరిపి ఉంటుందనుకుని, బకెట్టు పారబోసి వచ్చాడు.

వర్జిల్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు.

"వచ్చే మంగళవారం వస్తాను. అప్పటికైనా వస్తుందంటావా?"

"చెప్పలేనురా. వాళ్ల దగ్గర్నుంచి ఆ... అదింకా..."

డెల్మర్‌కి కొత్త అబద్ధం తట్టలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆన్చి నిలబడిపోయాడు.

వర్జిల్ కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"తొందరేం లేదులే. రూలంటే రూలే కదా."

తలుపు తీశాడు. చలిగాలి కొట్టింది. గడపలో ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ముందు ఆ కప్పు బాగుచేయించరా. పోయిన వారం నా పెట్టె తడుస్తుంటే నేనే జరిపాను."