తలుపు బయట పీట

“అమ్మా, ఒక్క మాట. పాప రెంటికెళ్తే ఇంట్లో మీరేమంటారు?”

ప్లేస్కూలు గేటు దగ్గర, పదిమంది తల్లులు వింటుండగా కొత్త ఆయా అడిగిన ప్రశ్న అది.

పాప తల్లికి తల కొట్టేసినట్టయింది.

“ఏమంటాం? ఛీ అంటాం. అయినా నీకెందుకు?”

“కక్క అనే ఇళ్లున్నాయి, దొడ్డికి అనే ఇళ్లున్నాయి. తెలిస్తే మంచిది కదా తల్లీ.”

తల నెరిసిన ఆ ఆయా బొడ్లోంచి చిన్న పుస్తకం తీసి ఏదో గీసుకుంది.

ఆ రాతే తల్లికి గిట్టలేదు. రక్తపరీక్షల ల్యాబ్‌లో సీసాల మీది చీటీలు సరిచూడడం ఆమె ఉద్యోగం. చీటీ లేని సీసానే ముట్టుకోని మనిషి, ఊరూ పేరూ తెలియని ఆయాను నమ్ముతుందా?

“ఎక్కణ్ణుంచి ఊడిపడింది ఈవిడ?” అని స్కూలు మేడమ్‌ని నిలదీసింది.

“ఎక్కడో చేసి మానేసిందట. పీట చంకన పెట్టుకు తిరుగుతుందని ఎక్కడికెళ్లినా పిల్లలు పీటమ్మ అంటారట.”

“ఎక్కడో అంటే?”

“అడిగితే ‘పిల్లల దగ్గరే’ అంది.”

అనుమానం ఇంకో మెట్టెక్కింది.

మూడేళ్ల పాపకి ఆ ఒక్క పనీ యుద్ధమే. నాలుగేసి రోజులు బిగబట్టేది. కాళ్లు మెలిపెట్టుకుని తలుపు మూల నక్కేది. నాయనమ్మ ముక్కు మూసుకుని “ఛీ, కంపుపిల్ల!” అని ఆటపట్టించేది. తల్లి మందు పోసేది.

పీటమ్మ వచ్చిన పదిరోజులకి ఆ యుద్ధం ఆగిపోయింది.

“అమ్మా, పొట్టకి పనుంది” అని తనే చెప్పి, తనే వెళ్లి కూర్చుంటోంది పాప.

సంతోషించాల్సింది పోయి తల్లి ఉలిక్కిపడింది. మందుకే లొంగనిది ఆయాకెలా లొంగింది?

“ఏం పెడుతోందే నీకు?”

“ఏం పెట్టదు.”

“తాగడానికేమిస్తుంది?”

“నీళ్లు.”

“నీళ్లలో ఏం కలుపుతుంది?”

పాప బాగా ఆలోచించింది.

“ఇంకొన్ని నీళ్లు.”

మర్నాడు ల్యాబ్‌కి సెలవు పెట్టి, స్కూలు వెనక కిటికీ దగ్గర మాటు వేసింది తల్లి.

పీటమ్మ పాపని బాత్రూంలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. బయట పీట వాల్చుకుని, తలుపుకి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చుంది.

“తొందరేం లేదు తల్లీ. పొట్ట పని పొట్ట చేసుకుంటుంది. నేను చూడట్లేదులే.”

ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

లోపలినుంచి పాప నవ్వు.

పీటమ్మ పుస్తకం తీసి మళ్లీ ఏదో రాసింది.

ఇక తల్లి ఆగలేదు. నేరుగా మేడమ్ గదిలోకి దూసుకుపోయింది.

“తలుపు మూసి మా పిల్లకి ఏం మంత్రం వేస్తోందో ఏమో! గోడతో మాట్లాడుతుంది. ఏదో రాసుకుంటుంది. రేపేమైనా అయితే ఎవరండీ పూచీ? ఆవిడుంటే మా పాప ఉండదు. అంతే.”

మేడమ్ పీటమ్మని పిలిచి సంగతి చెప్పింది.

పీటమ్మ “ఏ పిల్లకి ఏ మాటో, ఏ వేళో ఇందులో ఉంది” అని పుస్తకం మేడమ్ బల్లమీద పెట్టి తల్లివైపు తిరిగింది.

“ఒక్కటే తల్లీ. ఇంట్లో ఆ ‘ఛీ’ మానండి. మీరు అంటోంది దాన్ని. పాప అనుకునేది తనని అంటున్నారని.”

“మా పిల్లని పెంచడం నీ దగ్గర నేర్చుకోవాలా?”

పీటమ్మ పీట చంకన పెట్టుకుని గేటు దాటింది.

ఆ పుస్తకం ఎవరూ తెరవలేదు.

కొత్తగా వచ్చిన ఆయా చాలా శుభ్రమైన మనిషి. ముక్కుకి కొంగు చుట్టుకుని “ఛీఛీ, త్వరగా కానియ్!” అనేది. తల్లికి మనసు కుదుటపడింది.

పాప మళ్లీ కాళ్లు మెలిపెట్టింది.

ఆరో రోజుకి పొట్ట రాయి. ఒళ్లు పెనం. తల్లి పాపని భుజాన వేసుకుని పిల్లల ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. నర్సుకి మందు చెప్పి, తల్లివైపు తిరిగాడు.

“పాప రెంటికెళ్తే ఇంట్లో మీరేమంటారమ్మా?”

తల్లి పాప తల నిమిరింది.

“ఛీ... అంటామండీ.”

నర్సు మందెక్కించి పాపని చిన్న కమోడ్ మీద కూర్చోబెట్టగానే, డాక్టరు తన స్టూలు గోడవైపు తిప్పుకున్నాడు.

“తొందరేం లేదు బంగారం. నేను చూడట్లేదులే.”

చాలాసేపటికి పాప ఏడుపు ఆగింది. పొట్ట మెత్తబడింది.

“ఇదంతా... ఏ చదువులో చెప్తారండీ?” తల్లి గొణిగింది.

“చదువులో ఎక్కడిదమ్మా! నాలుగేళ్లప్పుడు నేనూ ఇలాగే బిగబట్టి, అదిగో, ఆ మూడో మంచం మీదే పడున్నాను. అప్పుడు ఈ వార్డు ఆయా నాకు నేర్పింది. డాక్టరునై తిరిగొచ్చాక మళ్లీ నేర్పింది. నాకొక్కడికే కాదు, ఇక్కడున్న డాక్టర్లందరికీ.”

“ఆవిడ... ఇప్పుడు?”

“రిటైరైంది. ‘పిల్లలు ఇక్కడిదాకా రాకముందే పట్టుకోవాలయ్యా’ అంటూ ఒక స్కూల్లో చేరింది. ఇవాళ నేను గట్టెక్కించాను. మళ్లీ రాకుండా చూడ్డం నావల్ల కాదు, ఆవిడవల్లే అవుతుంది. పాపని అక్కడ చేర్పించండి.”

ఆయన చీటీ రాసి చేతిలో పెట్టాడు.

రోజుకి రెండొందల చీటీలు చదివే మనిషి, ఈ ఒక్క చీటీని రెండుసార్లు చదువుకుంది.

మందు పేరు లేదు. తన పాప రోజూ వెళ్లే స్కూలు అడ్రసుంది, దాని కింద ‘పీటమ్మ’ అని ఉంది.