తట్ట దించే చెయ్యి

“నడవే ఇంటికి! ఈ కుస్తీలు ఇంక సాలు!”

కాళమ్మ ఖాళీ చేపల తట్ట చంకన పెట్టుకునే డాలీగంజ్ స్కూలు హాల్లోకి వచ్చేసింది. జూడో నేర్చుకుంటున్న ఆడపిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆమె కూతురు కామమ్మ, పదిహేనేళ్ళది, తెల్ల జూడో కోటు సర్దుకుంటూ సిగ్గుతో చచ్చిపోయింది.

కాళమ్మ చీరంచుకి ఇసుక అంటుకుని ఉంది. ఎడమ మోచెయ్యి కమిలి ఉంది. జంగ్లీఘాట్ రేవులో చేపలు ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషికి ఇసుకా, దెబ్బలూ కొత్తా? ఎవరూ పట్టించుకోలేదు.

మాస్టరు గణేశ్వరరావు పరుగున వచ్చాడు. “దీదీ, రుకో, రుకో! ఈ ఒక్కరోజు ఆగండి. సాయంత్రం మద్రాసు పోటీలకి పేర్లు పంపాలి.”

“దీని పేరుందా?”

ఆయన నసిగాడు. “లేదు. పిల్లకి పట్టు బాగుంది, ఒడుపు బాగుంది. కానీ మొదటి పాఠమే రావట్లేదు. ఎదుటి మనిషి చెయ్యి పట్టి లాగి, గిర్రున వెనక్కి తిరిగి, వీపు మీదుగా ఎత్తి మ్యాట్ మీదకి విసరాలి. జూడోలో అదే అ, ఆ. రెండు నెలలైంది, ఒక్కర్నీ విసరలేదు.”

“మరింకేటి? పదవే.”

కామమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల ఇంతవరకూ ఏదీ కావాలని అడిగిన పాపాన పోలేదు. ఇదొక్కటే అడిగింది. “ఒక్క మౌకా, ఒకే ఒక్క ఛాన్సు ఇవ్వమ్మా! సర్, ఇప్పుడు విసిరితే నా పేరు రాస్తారా?”

“రాస్తాను.”

“అయితే నన్నే ఇసురు,” అంది కాళమ్మ. తట్ట గోడవార పెట్టి కొంగు దోపింది. “నన్ను పడేత్తే మరి నోరెత్తను. నేకపోతే నోరు మూసుకుని నా ఎనకాల రావాల.”

“అరే దీదీ, ఐసా మత్ కరో, అలా చెయ్యొద్దు! పడటం రానివాళ్ళని విసరకూడదు. మెడ విరుగుతుంది.”

“నా మెడ రోజూ ముప్పై కేజీలు మోత్తాది బాబూ. మీరు తప్పుకోండి.”

తల్లీకూతుళ్ళ మధ్య దూరి బాగుపడ్డ మాస్టరు ఇంతవరకూ లేడు. ఆయన తప్పుకున్నాడు.

కామమ్మ తల్లి చెయ్యి పట్టింది. లాగింది. తిరిగింది. కాళమ్మ రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి. పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. అలా లేచిన మనిషిని కామమ్మ మోకాళ్ళు వంచి, వీపు మీంచి మెల్లిగా జార్చి, పదిలంగా మ్యాట్ మీద నిలబెట్టింది.

రెండోసారీ అంతే.

“అదీ దీని జబ్బు!” మాస్టరు తల పట్టుకున్నాడు. “ఎత్తుతుంది, దించుతుంది. విసరదు! ఎవరు నేర్పారో ఈ దించడం!”

నేర్పింది కాళమ్మే. చేపల తట్ట తలకెత్తాలన్నా, దించాలన్నా రెండో మనిషి చెయ్యి పడాలి. ఏడో ఏటి నుంచీ ఆ రెండో మనిషి కామమ్మే. “మెల్లిగా దించే, సేప నలిగితే ఎవులూ కొనరు” అని రోజూ చెప్పిన నోరు ఇదే. చెప్పిన మాట మరీ అంత బాగా వినే పిల్లలతో కూడా చిక్కే.

కాళమ్మ గొంతు మెత్తబడింది. కూతురి చెంప తడిమింది. “ఒలే కామీ, నాను తట్టని కానే.”

“నీకు తగుల్తాదమ్మా.”

“తగల్దు.”

“ఎముక విరిగితే?”

“ఇరగదంటన్నాను గదా! రెండు మాట్లు ఎత్తినావు, మూడో మాటు దించకు. అంతే. ఇసురు!”

కామమ్మ వెక్కుతూనే మళ్ళీ చెయ్యి పట్టింది. లాగింది. తిరిగింది. ఈసారి దించలేదు. కాళమ్మ ఆ పిల్ల భుజం మీదుగా గిర్రున తిరిగి, హాలంతా అదిరేటట్టు ధబ్బుమని పడింది.

“అమ్మా!” కామమ్మ తల్లి పక్కన కూలబడింది. పిల్లలందరూ చుట్టూ మూగారు.

మాస్టరు మాత్రం కదల్లేదు. కాళమ్మ పడిన తీరే చూస్తున్నాడు. గడ్డం గుండెకి ఆనించి ఉంది. తల మ్యాట్‌కి తగలనే లేదు. ఎడమ అరచెయ్యి బారుగా చాచి ఉంది. హాలు అదిరిన చప్పుడులో సగం ఆ అరచెయ్యి మ్యాట్‌ని చరిచిన చప్పుడే. దెబ్బ తగలకుండా పడటమంటే అదే. అది పిల్లలకి పట్టుబడటానికి ఆయనకి నెలలు పడుతుంది.

“కామమ్మా, నీ పేరు రాస్తున్నాను,” అన్నాడు. తర్వాత కాళమ్మ దగ్గరగా కూర్చుని అడిగాడు. “దీదీ, మీకు ఇలా పడటం ఎవరు నేర్పారు?”

కాళమ్మ లేచి కూర్చుంది. ఊడిన ముడి చుట్టుకుంటూ, సిగ్గుపడుతూ కిటికీ వైపు చూసింది.

“ఆ కిటికీకాడ నిలబడి సూసి నేర్సుకున్నాను బాబూ. రెండు నెల్లనుంచి రోజూ పొద్దుటే రేవులో ఇసక మీద ఒక్కదాన్నే పడతన్నాను. ఎవులికి తగుల్తాదోనని ఇది ఒక్కర్నీ ఇసరదు, ఉత్తుత్తి కోపం సూపించకపోతే నా మీదా సెయ్యెయ్యదు. మరి నా కూతురు గుంట ఇసిరితే పడ్డానికి ఎవులో ఒకలుండాల గదా!”