నోరు తెరవండి

"ఇంకాస్త తెరువు బావా," అంది పళ్ల డాక్టరైన మరదలు. పన్ను నొప్పికి తాళలేక, సిగ్గు చంపుకుని ఆమె దగ్గరికే వచ్చాడు. నోట్లో అద్దం, నర్సు పట్టుకున్న గొట్టం.

"అక్కని ఇంట్లోంచి గెంటేశావు కదూ?"

"ఆ."

"ఎందుకని ఏడ్చి అడిగితే, 'అంతే' అని తలుపేసుకున్నావు?"

"ఆ."

"ఇప్పుడు ముద్ద పెట్టే దిక్కులేక మళ్లీ రమ్మని కబురు పెట్టావు?"

"ఆ!"

మరదలు డ్రిల్లు ఆపి నర్సు వైపు తిరిగింది. "విన్నావుగా అక్కా, వెళ్తావా?"

నర్సు మాస్కు కిందికి లాగింది. అరగంటగా తన మొహం మీదికి వంగి ఉన్నది ఇన్నేళ్లు కాపురం చేసిన పెళ్లామేనని అప్పుడుగానీ అతనికి తెలియలేదు.

"వెళ్లను."

గొట్టం పక్కకి తోసి అడిగాడు. "ఎందుకే?"

"అంతే," అంది. మాస్కు పైకి లాక్కుని గొట్టం అందుకుంది. "నోరు తెరవండి."