హెస్టర్ నోరు

"సూప్ తాగుతున్నాడా, కుడితి తాగుతున్నాడా? ఆ చప్పుడేమిటమ్మా!" అంది హెస్టర్, భోజనాల హాలంతా వినపడేలా.

ఎదురు బల్ల దగ్గర విల్‌ఫ్రెడ్ తలెత్తలేదు. "కాకి అరుస్తోంది. ఎవరైనా కిటికీ మూయండి."

మళ్ళీ మొదలు. వంతెన పక్కనున్న ఆ రాతి కట్టడానికి పేరు ఆసుపత్రే గానీ, ఒకప్పుడు అది కాలినడకన వచ్చే యాత్రికులు తలదాచుకున్న చోటు. ఇప్పుడు ఊళ్ళోని ముసలివాళ్ళు ఉంటున్నారు. ఒకరినొకరు బ్రదర్, సిస్టర్ అని పిలుచుకోవాలి. ఈ ఇద్దరి నోటా ఆ మాట వస్తే ఒట్టు. ప్రార్థనలో దేవుడికి దండం పెడుతూ కూడా కొరకొరా చూసుకునే రకాలు. ఆ ఆసుపత్రి కట్టించిన బిషప్పు ఏ లోకంలో ఉన్నాడో గానీ లెంపలేసుకుంటూ ఉండాలి.

"దీన్ని కట్టుకున్నవాడెవడో పుణ్యాత్ముడు. తొందరగా పోయి బతికిపోయాడు," అన్నాడు విల్‌ఫ్రెడ్.

"ఆయన కాలిగోటికి చాలవు నువ్వు!"

హెస్టర్ విసిరిన రొట్టెముక్క ఆసుపత్రి పెద్ద ఆల్డస్ గారి సూప్‌లో పడింది. ఆయన తుడుచుకుని లేచిపోయాడు. మర్నాడు ఇద్దర్నీ పిలిపించాడు.

"ఎనిమిది వందల ఏళ్ళుగా ఇక్కడ ఒంటివాళ్ళకే గది. జంటగా వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేస్తాం. తోడు లేనివాళ్ళు ఒకరికొకరు తోడవుతారని ఇది కట్టించిన మహానుభావుడి ఆశ. మీరేమో చిన్నపిల్లల కన్నా కనాకష్టం! ఉత్తరాన సముద్రం ఒడ్డున మనదే ఇంకో సత్రం ఉంది. మీలో ఒకరు అక్కడికి పోవాలి. ఎవరు?"

హెస్టర్ గొంతు మొదటిసారి తగ్గింది. "అక్కడ చలి ఎక్కువా?" అంది.

"ఎక్కువే. గోడలకి చెమ్మ కూడాను."

విల్‌ఫ్రెడ్ చటుక్కున లేచాడు. "నేనే పోతా. దీని ముఖం చూడక్కర్లేదంటే మంచుకొండ మీదైనా ఉంటా."

"పీడా విరగడైంది," అంది హెస్టర్. గొంతు బొంగురుపోయింది. రోజూ అరిస్తే పోదూ మరి!

శనివారం కారు వచ్చింది. ముసలివాళ్ళంతా తమాషా చూడ్డానికి గుమ్మంలో చేరారు. ఒకావిడ సిగ్గు లేకుండా చప్పట్లు కూడా కొట్టింది.

"మఫ్లర్ చెవులకి చుట్టుకో, దద్దమ్మా! అక్కడ మంచాన పడితే చూసే దిక్కుండదు," అని అరిచింది హెస్టర్.

"నిన్నెవడడిగాడు?" అంటూనే చుట్టుకున్నాడు విల్‌ఫ్రెడ్. అందరూ పగలబడి నవ్వారు.

కారు వంతెన దాటి మలుపు తిరిగేదాకా, అందరికీ వినపడేలా, హెస్టర్ ఆ కారులోని తన మొగుణ్ణి తిడుతూనే ఉంది.