అంకె నిలిచిన చోటు

స్పీకరు ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా మోర్సు చుక్కలూ గీతలూ కూసింది. బాలగంగాధరం గబగబా దాని గొంతు తగ్గించాడు.

"మళ్ళీ వచ్చేడ్రా గురువుగారు!"

"పేరూ ఊరూ చెప్పడు, ఇంత గట్టిగా వినబడుతున్నాడు. వాడు ఈ వీధిలోనే ఉన్నాడు," అన్నాడు గౌరీశంకరం. అతను ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరు. సెలవుమీద అమలాపురం వచ్చి స్నేహితుడింట్లో దిగాడు. "లైసెన్సు లేని ఘటం. నువ్వు జవాబివ్వడం మానెయ్యి. వైర్‌లెస్ తనిఖీవాళ్ళొస్తే ముందు పీకేది నీ లైసెన్సే."

బాలగంగాధరం మొహం వాడిపోయింది. టెలిగ్రాఫు మాస్టరుగా చేసిన మావగారు, బతికుండగా సరదాకి నేర్పిన, మీట కొట్టి కబురంపే మోర్సు కోడే అతన్ని ఊరూరి ఔత్సాహికులు మాట్లాడుకునే ఈ హామ్ రేడియోలోకి దింపింది. కిందటేడు గోదావరి వరదల్లో ఫోన్లు మూగబోతే లంక ఊళ్ళ కబుర్లు అందించింది ఈ సెట్టుమీదే. లైసెన్సు పోతే అతనికి చెయ్యి విరిగినట్టే.

"మానలేకపోతున్నాన్రా. ఎండలో తిరక్కు బాబూ అంటాడు. జొరమొస్తే మిరియాల కషాయం చెప్పేడు. మా నాన్న పోయేక నన్నంత ఆపేక్షగా బాబూ అన్నవాడు ఇంకోడు లేడు."

"నువ్వేం చెప్తావు?"

"మా అత్తగారిమీద చాడీలు," అని గొంతు తగ్గించాడు బాలగంగాధరం. "మా ఇంటికొచ్చి మూడేళ్ళయిందా, నా ఎదటపడి ఒక్క మాట లేదు. ఏం కావాలన్నా తలుపు చాటునుంచి మా ఆవిడ సత్యవేణి చేత అడిగిస్తారు. నేనంటే గిట్టదేమో అన్నాను. గిట్టకపోవడం కాదు బాబూ, మర్యాద అన్నాడు. పనసపొట్టు కూరలో ఆవ నషాళానికి అంటేలా వేస్తారు, చెప్పలేక చస్తున్నాననీ అన్నాను."

"దానికేవన్నాడు?"

"ఏవనలేదు. ఆ పూటకి సెట్టు కట్టేసేడు."

గౌరీశంకరం నవ్వి సంచిలోంచి ఒక పెట్టె తీశాడు. చొక్కా జేబులో పట్టేంత ఉంది. నెత్తిన చిన్న ఏరియలు, ముందువైపు ఎర్రంకెల కిటికీ.

"ఫ్రీక్వెన్సీ కౌంటరు. దూరాన్నించి వచ్చే రేడియో తరంగాల్ని ఇది పట్టదు. మీట కొట్టేవాడి పక్కకి వెళ్తేనే అంకె నిలుస్తుంది. నేనిక్కడ కూచుని వాణ్ణి మాటల్లో పెడతాను. నువ్వు వీధంతా తిరిగిరా."

బాలగంగాధరం పెట్టె పట్టుకుని బయల్దేరాడు. అంకెలు చిందరవందరగా మారుతున్నాయే తప్ప ఒక్కటీ నిలవడం లేదు. అతని అనుమానమంతా వీధి చివర రేడియోలు బాగుచేసే అంజిబాబు మీద. తిన్నగా ఆ కొట్లోకి వెళ్ళి పెట్టె చాపాడు.

"ఏంటండి మాస్టారూ, జొరం చూసే మిషనాండి?"

"కాదు అంజిబాబూ. నువ్వేవైనా సెట్టు నడుపుతున్నావా?"

"ఆయ్, నాకంత తీరికెక్కడిదండి! ఈ రేడియో పొద్దుట్నించీ గురగురమంటంటే దీంతోటే సరిపోయిందండి. అదలా ఉంచి నా చెయ్యి చూడండోసారి. ఒళ్ళంతా నలతగా ఉందండి," అని అంజిబాబు మణికట్టు పెట్టెకి ఆనించాడు.

అక్కడా అంకె నిలవలేదు. బాలగంగాధరం ఇంటిదారి పట్టాడు. దొరకలేదన్న దిగులు ఉంది. దొరికితే ఆ కబుర్లు ఆగిపోతాయన్న బెంగ అంతకన్న ఎక్కువ ఉంది.

తన ఇంటి గేటు తీసేసరికి అంకెలు కుదుటపడ్డాయి.

"ఒరే శంకరం, మీట కొడుతున్నావా?" అని కిటికీలోకి కేకేశాడు.

"లేదురా, చేతులు కట్టుకుని వింటున్నాను. ఇది బాబు చెయ్యి కాదు, బాబుకి ఒంట్లో ఎలా ఉందీ అని అడుగుతున్నాడు! మీటమీద చెయ్యి మారితే చెవితో పట్టేసేడంటే మామూలువాడు కాదురోయ్!"

బాలగంగాధరం పెట్టె ముందుకి చాపాడు. గోడ వెంబడే పెరట్లోకి నడిచాడు. కొబ్బరికాయలు పోసే కొట్టుగది దగ్గరకొచ్చేసరికి అంకె రాయిలా నిలబడింది. తలుపు లోపల గడియ వేసుంది. అప్పుడు గుర్తొచ్చింది, తను మొదట కట్టి అటకెక్కించిన బ్యాటరీల సెట్టు. ఆమధ్య అటక దులిపింది సత్యవేణి. టెలిగ్రాఫు మాస్టరుగారి కూతురు సత్యవేణి!

అతనికి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

"సత్యవేణీ, తలుపు తియ్యి! నా లైసెన్సుకి నీళ్ళొదులుదావనుకున్నావా? నువ్వేనని తెలిసిపోయింది!"

"నన్నేనా అండీ పిలిచేరు?"

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. కోసుకొచ్చిన అరిటాకులు చేత్తో పట్టుకుని అరటిచెట్ల వైపునుంచి వస్తోంది సత్యవేణి. పెట్టె వైపు చూసింది. మూసిన తలుపు వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మరి లోపలెవరు?"

సత్యవేణి నవ్వుతూనే పెట్టె వైపు వేలు చూపింది. అతని చేతిలో ఎర్రంకె ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. ఒకసారి నిదానంగా, ఒకసారి చటుక్కున, వెలుగుతూ ఆరుతూ ఉంది. బాలగంగాధరం ఆ మోర్సుని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు.

"అల్లుడుగారూ, లైసెన్సు పరీక్షకి నేనూ కడతాను. పనసపొట్టులో ఆవ తగ్గించాను, భోజనానికి లేవండి."