అట్ట మీది మాట

"అన్నా, నిద్ర పడ్తుందా?"

మిల్లు గేటు కాడ సైకిల్ దిగుతున్న భూమన్నను ఆ ఆడమనిషి అడిగిన మాట అది.

భూమన్న కంటి నిండ నిద్రపోయి పదిహేను దినాలైంది.

"మస్తు పడ్తుంది. నీకెందుకు?" అని కసిరిండు.

ఆమె పేరు అనసూయ. ఎక్కడిదో ఎవ్వలికీ ఎరుకలేదు. వారం సంది చాయ్ బండి పక్కన కూసుంటుంది. చేతిల ఒక పాత నోట్‌బుక్. వచ్చేపోయే తెలుగోళ్లందర్ని అదొక్కటే అడుగుతది.

అవి తొంభైల నడుమ దినాలు. చంద్రపూర్‌ల ఆ నూలు మిల్లుకు కొత్త మిషన్లు వచ్చినయి. మనుషులను తీసేస్తరట. ఎవలెవల్ని తీసేసేది శనివారం గేటుకు అంటిస్తరట. ఆ పేర్ల పట్టికను మరాఠీల యాదీ అంటరు. మిల్లుల తెలుగోళ్ల నోట్లె గూడ గదే మాట. పొద్దున లేస్తే "యాదీల ఎవలెవలున్నరట?" అని గిదే లొల్లి.

భూమన్న బాయిలర్ కాడ బొగ్గేసేటోడు. ఇరవై ఏండ్ల నౌకరి. అది పోతే ఏమున్నది?

చాయ్ తాగుతున్న అనసూయ ఒళ్లె నోట్‌బుక్ కనిపించింది. అట్ట మీద మరాఠీ అక్షరాలు.

'బాలకిషన్ యాదీ.'

భూమన్నకు నెత్తురు నెత్తికెక్కింది. బాలకిషన్ ఎవడు? కొత్త ఆఫీసరా? నిద్ర పడ్తలేదన్నోణ్ని అన్‌ఫిట్ అని రాసుకపోతుందా?

గుంజుకొని ఒక పేజీ తీసిండు. అక్షరాలు మరాఠీయే గని మాటలు తెలుగువి. ఈడ బళ్లె తెలుగు అక్షరాలు ఎవలు నేర్పుతరు?

'నిద్ర లేదు. అన్నం సగం ఇడిసి లేస్తడు. ఏమైందంటే ఏం లేదంటడు.'

"నా గురించే రాసింది! చూడుండ్రి! నా ఇంట్ల సంగతి గూడ రాసింది!"

"అన్నా, అది నీ గురించి గాదు. జర నా మాట విను..."

పది మంది జమైండ్రు. ఆమె మాట ఎవ్వలూ వినలేదు. యూనియనోళ్లకు సాక్ష్యం చూపియ్యాలని భూమన్న అట్ట చింపి జేబుల పెట్టుకున్నడు. మిగిలిన పుస్తకం వట్టుకొని లోపలికి ఉరికిండు.

"అన్నా, నాకు మిగిలింది అదొక్కటే!"

వాచ్‌మన్ ఆమెను గేటు దాటనియ్యలేదు. పుస్తకం బాయిలర్ల పడ్డది.

ఆ మాపటికి భూమన్న పెండ్లాం రాజక్క మొగని అంగీ ఉతకబోతే జేబుల అట్ట దొరికింది. తిప్పి చూసింది.

"దీని ఎనుక దవాఖాన పత్తా ఉన్నది గదా. సర్కారు దవాఖాన, మనసు డాక్టర్, బుధవారం. రేపే!"

"పిచ్చోళ్ల డాక్టర్ తానికా? నన్ను పిచ్చోణ్ని చేస్తవా?"

"కాలిరిగితే ఎముకల డాక్టర్ తానికి పోమా? ఇయ్యాల పొద్దుగాల ఏం తిన్నవో నీకు యాదికున్నదా?"

భూమన్నకు నిజంగనే యాదికి లేదు.

తెల్లారి రాజక్క రెక్క వట్టి తీస్కపోయింది. డాక్టర్ది మరాఠీ. వచ్చేటోళ్లతోని మాట్లాడి మాట్లాడి తెలుగు నేర్చిండు.

"ఏమైతుంది?"

"ఏం లేదు సార్."

డాక్టర్ తలుపు దగ్గరేసి కుర్చీ ముందుకు జరుపుకున్నడు. తొందర పెట్టలేదు.

"యాదీల నా పేరొస్తే బతకొద్దనుకున్న సార్," అన్నడు భూమన్న.

రాజక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. భూమన్న వల వల ఏడ్చిండు. గంట సేపు మాట్లాడిండు. పెండ్లాంకు గూడ చెప్పని మాటలు చెప్పిండు.

"ఇది పిచ్చి గాదు. ఇసొంటి దినాలల్ల ఎవలికైనా అయితది. వారం వారం రా," అన్నడు డాక్టర్.

భూమన్న రొమ్ము మీది బరువు కొంత దిగింది. అప్పుడు అట్ట తీసి బల్ల మీద పెట్టిండు.

"సార్, ఈ బాలకిషన్ ఏ ఆఫీసరు?"

డాక్టర్ మొఖం మారింది.

"ఆఫీసర్ గాదు. అనసూయ భర్త. పోయినేడు మాజ్రి దిక్కు ఆయన పనిచేసే మిల్లు మూసిండ్రు. నిద్ర పడ్తలేదని ఎవ్వలికీ చెప్పుకోలేదు. ఒకనాడు పానం తీసుకున్నడు. అప్పటిసంది ఆమె మీసొంటోళ్లను వెతికి నా తానికి తోలుతుంది. ఈ అట్ట నీకెట్ల దొరికింది? పుస్తకమేది?"

"కాల్చిన సార్. మిల్లు యాదీ అనుకున్న. ఆమె యాడున్నది సార్? కాళ్లు మొక్కుత."

"నిన్న మాపటికి వచ్చింది. ఇగ రానని చెప్పి గోండ్‌పిప్రి బస్సెక్కింది. ఏమైందంటే ఏం లేదన్నది."

డాక్టర్ అట్టను భూమన్న దిక్కు జరిపిండు.

"నేను మరాఠోణ్ని. మొదలు చూసినప్పుడు నేను గూడ లిస్టే అనుకున్న. నువ్వు తెలుగోడివి గదా, నీకు గూడ తెల్వలేదా?"

భూమన్న అట్ట మీది మాటను ఈసారి తెలుగుల చదువుకున్నడు: తను బాయిలర్ల ఏసింది మిల్లోళ్ల యాదీ గాదు, పోయిన మొగని మీద ఒక ఆడమనిషి రాసుకున్న యాది.