వరసలో చివర

"ముందుకి రా పెద్దమ్మా. నడిచి వస్తావా, ఎత్తుకుని తీసుకురమ్మంటావా?"

టీచరమ్మ అలా అనగానే వరసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. ముసలావిడ మాత్రం కదల్లేదు.

"వద్దు తల్లీ. నాకు చివరే బాగుంటుంది."

జైలు గోడకి ఉన్న చిన్న కిటికీ ముందు ప్రతి బుధవారం ఆ వరస ఉంటుంది. లోపలి మనిషికి బట్టలో, మందులో మూటకట్టి ఇస్తే, కాసేపటికి ఆ మనిషి సంతకంతో ఒక చీటీ బయటికి వస్తుంది. చూడనివ్వరు. ఉత్తరాలు లేవు. మనిషి బతికి ఉన్నాడని చెప్పేది ఆ చీటీ ఒక్కటే.

అంతర్యుద్ధంలో గెలిచిన సేనాధిపతి, ఎన్నికలు జరిపిస్తానన్న మాట పక్కనపెట్టి, శాసనసభకి తాళం వేయించి తానే కుర్చీలో కూర్చున్నాడు. ఇదేమిటని అడిగినవాళ్ళంతా ఆ గోడ వెనకే ఉన్నారు.

టీచరమ్మ భర్త ఆమె పనిచేసే బడిలోనే డ్రాయింగు మాస్టారు. అడగను కూడా లేదు. సభ తలుపునీ, దానికి వేసిన తాళాన్నీ బొమ్మ గీసి బడి గోడకి అంటించాడు, అంతే. ఆయనకి ఉబ్బసం.

మూడు పీరియడ్లు చెప్పి పరుగున వచ్చినా టీచరమ్మకి వరస చివర్లోనే చోటు దొరికేది. ఆమె వెనక ఎప్పుడూ ఈ ముసలావిడే. ఇంకా ఆలస్యంగా ఎవరైనా వస్తే వాళ్ళని ముందు నిలబెట్టి, తను మళ్ళీ వెనక్కి జరిగేది.

"స్వర్గం తలుపులు తీసినా ఈవిడ లోపలికి పోదు. మీరు పదండమ్మా, మీరు పదండి అంటూ గుమ్మంలోనే ఉండిపోతుంది," అనేది దర్జీ ఆవిడ. 'చివరమ్మ' అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

"లోపల ఎవరున్నారు పెద్దమ్మా?" అని టీచరమ్మ ఒకసారి అడిగింది.

"నాకు ఒక్కడే కొడుకు తల్లీ."

"ఎలా ఉన్నాడు?"

"చిన్నప్పుడు మంచివాడే."

అడిగినదానికి జవాబు కాదది. టీచరమ్మ మళ్ళీ అడగలేదు.

ముసలావిడ మాత్రం వారం వారం అడిగేది. "మీ మాస్టారికి ఆయాసం ఎలా ఉంది? ఏదీ, చీటీ చూపించు." చూపిస్తే, సంతకాన్ని వేలితో ఒకసారి నిమిరి తిరిగి ఇచ్చేది.

ఆ రోజు ఆవిడ దగ్గుతోంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. నెత్తిన ఎండ.

"ఇక నీ మాట వినేది లేదు," అంది టీచరమ్మ. దర్జీ ఆవిడ ఒక రెక్క, తను ఒక రెక్క పట్టుకుని ఆవిడని కిటికీ దాకా నడిపించారు. అందరూ దారి ఇచ్చారు.

కిటికీలోని జవాను ఆవిడని చూసి తత్తరపడ్డాడు. "ఇవాళ ముందే వచ్చారేమిటి?"

"నేను రాలేదు నాయనా. తోసుకొచ్చారు."

మూట ఇచ్చి ఆవిడ మళ్ళీ వెనక్కి బయలుదేరింది. టీచరమ్మ భుజాలు పట్టుకుని రోడ్డు వైపు తిప్పింది.

"ఇచ్చేశావుగా! ఇంటికి వెళ్ళి పడుకో. మాట వినకపోతే గోడకుర్చీ వేయిస్తాను."

ముసలావిడ వరస పొడుగునా ఒకసారి చూసింది. "ఇంకా ఇంతమంది ఉన్నారే!"

"మా సంగతి మేం చూసుకుంటాంలే."

వెళ్ళలేక వెళ్ళలేక, ఆగి ఆగి వెనక్కి చూసుకుంటూ ఆవిడ మలుపు తిరిగింది.

సరిగ్గా పన్నెండింటికి కిటికీ మూసుకుంది.

ఇంకా పద్నాలుగుమంది ఉన్నారు. టీచరమ్మ పరుగెత్తి కిటికీ చెక్క మీద బాదింది. "బాబూ, మందులు! మందులు మాత్రం తీసుకో. ఆయనకి రాత్రిళ్ళు ఊపిరి ఆడదు!"

"టైమైపోయింది. వచ్చే బుధవారం రండి."

అంతకుముందు ఎన్నడూ అలా జరగలేదు. ఒంటిగంట దాటినా, రెండైనా చివరి మనిషి దాకా తీసుకునేవాళ్ళు. పైనుంచి కొత్త ఆర్డరేదో వచ్చిందనుకున్నారు.

మరుసటి బుధవారం ముసలావిడ రాలేదు. టీచరమ్మ ముందు ఇంకా ముగ్గురుండగా పన్నెండైంది. కిటికీ మూసుకుంది.

మూడో వారం ఆమె బడికి సెలవు పెట్టి తెల్లవారకముందే వచ్చి నిలబడింది. అందరికంటే ముందు మూట ఇచ్చింది. చీటీ కోసం చూస్తూ కిటికీ అంచు పట్టుకునే ఉంది.

చీటీ వచ్చింది. ఒకటో తరగతి పిల్లవాడి రాతలా అక్షరాలు వంకర్లు పోయాయి. అయినా ఆయన సంతకమే. ఆమె దాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తెరిచాక, చూపించడానికి అలవాటుగా వెనక్కి తిరిగింది.

"బాబూ, ఆ పెద్దమ్మ రావడం లేదేం? జ్వరం తగ్గలేదా?"

జవాను తన వెనక ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు. "మొన్న పోయారమ్మా. పేపర్లో ఇంకా వేయలేదు."

"అయ్యో... లోపల ఆ కొడుక్కి చెప్పారా?"

"లోపల ఆవిడ మనిషంటూ ఎవరూ లేరు. ఎవరి దగ్గర్నించీ ఏమీ రానివాడికి ఇయ్యి నాయనా అని మూట నా చేతికిచ్చేవారు."

"మరి అంతసేపు ఎండలో ఎందుకు నిలబడేది?"

"పన్నెండింటికి మూయాలన్నది కొత్త ఆర్డరు కాదు, మొదటినుంచీ ఉన్నదే. ఆవిడ చివర నిలబడినన్నాళ్ళూ మేమే మూయలేకపోయాం."

"ఏం?"

జవాను చీటీల కట్ట సర్దుకుంటూ, తలెత్తకుండా అన్నాడు.

"సేనాధిపతిగారిని కన్న తల్లి ముఖం మీద కిటికీ ఎలా వేస్తామమ్మా?"